పాత పట్టు స్కార్ఫ్: అంచు చూసి కొనడం, ఉతకడం, కట్టుకోవడం

పాత స్కార్ఫ్‌లు అమ్మే చోట ఎవరినైనా గమనించండి, చేతికి రాగానే మూలల్లో పేరు వెతుకుతారు. ఎర్మెస్ అనో గుచ్చీ అనో ఖరీదైన ఫ్యాషన్ కంపెనీ పేరు కనిపిస్తే వదలరు, పేరు లేకపోతే తీసి పక్కన పడేస్తారు. నన్నడిగితే ఈ వరసే తప్పు. పేరు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, కానీ చేత్తో చుట్టి కుట్టిన అంచుని చవగ్గా నకలు చేయడం కష్టం, ఎందుకంటే అక్కడ ఖర్చయ్యేది మనిషి సమయం. అందుకే ఇక్కడ వరస తిరగేస్తున్నాను: ముందు అంచు, తర్వాత గుడ్డ, ఆ తర్వాత అచ్చు, ఆఖర్న పేరు. అవి తేలాక ఉతకడం, కట్టుకోవడం, దాచుకోవడం చూద్దాం.

చెప్పేది ముఖ్యంగా చదరపు పట్టు స్కార్ఫ్‌ల గురించి. వింటేజ్ అంటే మార్కెట్‌లో మామూలుగా కనీసం 20 ఏళ్ల పాతది అని లెక్క, గట్టి రూలేమీ లేదు. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటున్న మనవాళ్లకి ఇది చాలా సులువు, గుడ్‌విల్ లాంటి థ్రిఫ్ట్ స్టోర్లలో, అక్కడి చారిటీ షాపుల్లో బుట్టల నిండా ఉంటాయి. పారిస్ వెళ్తే సెయింట్ ఊవెన్ పాత వస్తువుల సంత ఉంది. ఇక్కడ ఉన్నవాళ్లకి ఈబే, ఎట్సీ, వెస్టియేర్ కలెక్టివ్ లాంటి ఆన్‌లైన్ సైట్లే దిక్కు, అప్పుడు పంపడానికయ్యే ఖర్చు, కస్టమ్స్ సుంకం కూడా ధరలో కలిపి చూసుకోండి, లేకపోతే పార్సిల్ వచ్చిన రోజున టెన్షన్.

ముందు అంచు

స్కార్ఫ్‌ని బల్ల మీద పరిచి, బొటనవేలు చూపుడువేలు మధ్య అంచు పట్టుకుని నాలుగు వైపులా నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లండి. చేత్తో చుట్టినదైతే అంచు గుండ్రంగా, కాస్త ఉబ్బుగా వేళ్లకి తగులుతుంది. కుట్లు దాదాపు కనిపించవు, కనిపించినా వాటి మధ్య దూరం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. దారం రంగు గుడ్డ రంగుతో కలిసిపోతుంది. మెషిన్ అంచు బల్లపరుపుగా ఉంటుంది, కుట్టు గీత గీసినట్టు తిన్నగా పోతుంది. ఇక మన చీరలకి చేయించే పీకో లాంటి కుట్టు కనిపించిందా, అది ఎంత పెద్ద పేరుతో ఉన్నా అనుమానించాల్సిందే.

చుట్టు ఎటువైపు తిరిగిందో కూడా చూడండి. ఎర్మెస్ స్కార్ఫ్‌లో అంచు బొమ్మ ఉన్న వైపుకి, అంటే ముందుకి చుట్టి ఉంటుంది. ఇటలీ తయారీలో చాలావరకు వెనక్కి చుడతారు. ఎర్మెస్ అని అమ్ముతున్నదానికి అంచు వెనక్కి తిరిగి ఉంటే మిగతా పరీక్షలన్నీ అనవసరం, అక్కడే ఆపేయొచ్చు. మూలలు కూడా ముఖ్యమే. మంచి కుట్టుపనిలో మూల కొన తేలి ఉంటుంది, నాసిరకంలో మూల దగ్గర గుడ్డ ముద్దగా పోగుపడిపోతుంది.

ఒక తిరకాసు ఉంది. అసలు స్కార్ఫే అయినా ఎవరో అంచు మీద ఇస్త్రీపెట్టె గట్టిగా నొక్కేసి ఉంటే అది చదునైపోతుంది. అప్పుడు కుట్లని చూసి తేల్చుకోవాలి, ఉబ్బుని చూసి కాదు.

తర్వాత గుడ్డ

ఖరీదైన చదరపు స్కార్ఫ్‌ల్లో ఎక్కువగా వాడేది పట్టు ట్విల్. వెలుతురులో వంచి చూస్తే సన్నని ఏటవాలు గీతలు కనిపిస్తాయి. చేత్తో నలిపితే గుడ్డకి కొంచెం బిగువు ఉంటుంది, జారిపోయి నీళ్లలా పడదు, అందుకే ముడి నిలుస్తుంది. షిఫాన్, క్రేప్, సాటిన్ కూడా పాతవాటిలో బోలెడు దొరుకుతాయి. షిఫాన్ చూడ్డానికి బాగుంటుంది కానీ గొలుసు కొక్కేనికి తగిలిందంటే పోగు లేచిపోతుంది.

పట్టేనా కాదా అన్నదానికి పట్టుచీరలకి మనవాళ్లు చేసే కాల్చే పరీక్షే దీనికీ పనికొస్తుంది. అంచు దగ్గర వదులుగా వేలాడే ఒక్క పోగు తీసి పళ్లెంలో పెట్టి అంటించండి. పట్టయితే నెమ్మదిగా కాలి, వెంట్రుక కాలిన వాసన వేసి, వేళ్లతో నలిపితే పొడైపోయే నల్లటి బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. రేయాన్ కాగితం కాలినట్టు వాసన వేస్తుంది. ఇది కొన్న తర్వాత ఇంట్లో చేసుకునే పరీక్ష, షాపులో అగ్గిపెట్టె తీయకండి. ఉంగరంలోంచి దూరితే పట్టు అని కొందరు చేసి చూపిస్తారు, దాన్ని పట్టించుకోవద్దు, పల్చటి పాలియెస్టర్ కూడా అంతే సులువుగా దూరుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, పాత అమెరికన్ స్కార్ఫ్‌ల్లో అసిటేట్ అనే గుడ్డ చాలా కనిపిస్తుంది, చూపుకి పట్టులాగే మెరుస్తుంది. దాని మీద మరక తీయడానికి అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ రాశారంటే మరకతో పాటు గుడ్డ కూడా కరిగిపోతుంది. ఏ గుడ్డో తేలని స్కార్ఫ్ దగ్గరికి ఆ సీసా రానివ్వకండి.

అచ్చు వెనక వైపు చూడండి

మంచి స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి ఒక్కో తెర వాడతారు. 1966లో గుచ్చీ కంపెనీకి చెందిన రొడాల్ఫో గుచ్చీ అడిగితే చిత్రకారుడు విట్టోరియో అకోర్నెరో గీసిన ఫ్లోరా పూల స్కార్ఫ్‌లో 37 రంగులు ఉన్నాయి, అది మొనాకో యువరాణి గ్రేస్ కెల్లీ కోసం గీయించింది. అన్ని తెరలు ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి కూడా జరగకుండా పడాలి. కాబట్టి సన్నని గీతలు, చిన్న అక్షరాలు, రెండు రంగులు కలిసే చోట్లు దగ్గరగా చూడండి. రంగు గీత దాటి బయటికి వచ్చినా, రెండు రంగుల మధ్య తెల్ల సందు కనిపించినా పని నాసిరకం.

తర్వాత తిరగేయండి. రంగు పోగుల లోపలికి దిగితే వెనకాల కూడా దాదాపు అంతే నిండుగా ఉంటుంది. వెనక తెల్లగా వెలవెలబోతుంటే అది పైపై అచ్చు. పట్టు మందాన్ని బట్టి కొంత తేడా సహజమే, ట్విల్‌లో వెనక వైపు ఒక పిసరు తక్కువ మెరవడం లోపం కాదు.

ఇప్పుడు పేరు, లేబుల్, కాలం

ఎర్మెస్ మొదటి పట్టు చదరం 1937లో వచ్చింది, రాబర్ట్ డ్యూమా చేసింది, గుర్రపు బస్సుల ఆట బొమ్మతో. వాళ్ల ప్రామాణిక కొలత 90 సెంటీమీటర్లకి 90. కొనేముందు టేపుతో రెండు వైపులా కొలవండి, ఒక వైపు బాగా తగ్గి ఉంటే ఎవరో వేడి నీళ్లలో ఉతికేశారని అర్థం. బొమ్మలో ఎక్కడో ఎర్మెస్ పేరు, దాని పక్కన కాపీరైట్ గుర్తు, చాలాసార్లు డిజైన్ పేరు, కొన్నిటిలో చిత్రకారుడి సంతకం ఉంటాయి. ఇవి బొమ్మలో భాగంగా అచ్చయి ఉంటాయి. అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటే వదిలేయండి.

రెండు చోట్ల చాలామంది బోల్తా పడతారు. ఒకటి, డిజైన్ పుట్టిన ఏడాది స్కార్ఫ్ వయసు కాదు. హ్యూగో గ్రిగ్‌కార్ గీసిన బ్రిడ్ దె గాలా 1957 నాటి డిజైన్, దాన్ని ఎన్నో సార్లు కొత్త రంగుల్లో మళ్లీ అచ్చు వేశారు. అమ్మేవాళ్లు ‘1957 స్కార్ఫ్’ అన్నా అది మొన్నమొన్నటిది కావచ్చు. రెండు, అసలుదని చూపించే కార్డు. ఎర్మెస్ తన స్కార్ఫ్‌లకి అలాంటి సర్టిఫికెట్ కార్డులు ఇవ్వదు, కాబట్టి కార్డు చూపించి నమ్మించబోతే అనుమానం ఇంకా పెరగాలి. ఎర్మెస్ వాళ్ల నారింజ డబ్బా కూడా సాక్ష్యం కాదు, ఖాళీ డబ్బాలు విడిగా అమ్ముడుపోతూనే ఉంటాయి. అలాగని ఉతికే సూచనల లేబుల్ లేనంత మాత్రాన నకిలీ అనుకోవద్దు, పాతవాటికి అసలు ఉండకపోవచ్చు, మెడకి గుచ్చుకుంటోందని కత్తిరించేసినవాళ్లూ ఉంటారు.

కాలం తేల్చడానికి అమెరికా మార్కెట్‌కి చేసిన స్కార్ఫ్‌లు కొంచెం సాయం చేస్తాయి. దారాలు ఏవో లేబుల్ మీద రాయాలన్న చట్టం అక్కడ 1960 మార్చిలో అమల్లోకి వచ్చింది, ఉతికే సూచనల నియమం 1972లో. ‘నూరు శాతం పట్టు’ అని, కింద ఉతికే పద్ధతి కూడా ఉంటే అది బహుశా 1972 తర్వాతిది. ఆర్.ఎన్. అనే అక్షరాల పక్కన అంకె ఉంటే, దాన్ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి, ఏ కంపెనీకి ఇచ్చిన నంబరో ఉచితంగా తెలుస్తుంది. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే 1945 నుంచి 1952 మధ్యది, ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1990కి ముందుది.

మొదటి స్కార్ఫ్ ఏది కొనాలి?

ఎర్మెస్‌తో మొదలుపెట్టొద్దు. డబ్బు గురించే కాదు, నకిలీలు ఎక్కువగా తిరిగేది ఆ పేరు మీదే, వేళ్లకి అలవాటు కాకముందే అందులో దిగితే చెయ్యి కాల్చుకుంటారు. పేరు లేని పట్టు స్కార్ఫ్, చేత్తో చుట్టిన అంచు, జపాన్ తయారీదో ఇటలీదో ఒకటి తీసుకోండి, చాలా తక్కువకి దొరుకుతుంది. అది చేతిలో నాలుగు నెలలు తిరిగితే మంచి అంచు ఎలా ఉంటుందో వేళ్లకే తెలిసిపోతుంది.

పేరున్నవాటిలో నాకు నచ్చేది అమెరికన్ డిజైనర్ వెరా న్యూమన్. ఆవిడ 1940లలో వ్యాపారం మొదలుపెట్టింది, రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైన్యం దగ్గర మిగిలిపోయిన పారాచ్యూట్ పట్టు కొని దాని మీద స్కార్ఫ్‌లు అచ్చు వేసింది. మూలలో వెరా అని చేతిరాత సంతకం, చాలావాటిలో దాని పక్కన చిన్న లేడీబగ్ పురుగు బొమ్మ ఉంటాయి. లక్షల్లో అమ్ముడుపోయాయి కాబట్టి ఇప్పటికీ చవకే. కాకపోతే వాటిలో పట్టువే కాదు, పాలియెస్టర్‌వి, అసిటేట్‌వి కూడా ఉన్నాయి, లేబుల్ చూసి తీసుకోండి. 1923లో న్యూయార్క్‌లో మొదలైన ఎకో కంపెనీవి, లండన్ లిబర్టీ వాళ్ల పూల అచ్చులు కూడా మొదటి కొనుగోలుకి బాగుంటాయి. చరిత్ర మీద పిచ్చి ఉంటే లండన్ జాక్‌మార్ కంపెనీ యుద్ధకాలపు స్కార్ఫ్‌లు వెతకండి, ఆర్నాల్డ్ లీవర్ గీసిన యుద్ధ ప్రచార నినాదాలు, బొమ్మలు వాటి మీద ఉంటాయి. మతీస్, హెన్రీ మూర్ లాంటి చిత్రకారుల చేత 1940లలో లండన్ బట్టల వ్యాపారులు ఆషర్ దంపతులు చేయించిన చదరాలు కూడా ఉన్నాయి, అవి మెడకి కాదు, గోడకి వెళ్లే రకం.

చదరపు గుడ్డ అంటే మన దగ్గరి తేలియా రుమాల్‌ని వదిలేయలేం. చీరాలలో, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసిన నూలు డబుల్ ఇక్కత్, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో. నూలుని నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి రంగు పట్టిస్తారు, ఆ నూనె వల్లే ఆ పేరు. ఒకప్పుడు ఇవి అరబ్బు దేశాలకి తలగుడ్డలుగా ఎగుమతయ్యేవి. పుట్టపాక తేలియా రుమాల్‌కి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలుదాన్ని గుర్తుపట్టడం పట్టు స్కార్ఫ్ కంటే తేలిక: నిలువు పోగులకీ అడ్డ పోగులకీ ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి ముందు వెనక తేడా ఉండదు, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. గీతలు కత్తితో కోసినట్టు ఉండి వెనక రంగు తగ్గిందంటే అది ప్రింట్. డిజైనర్ స్కార్ఫ్‌కి పెట్టే డబ్బులో కొంత దీని మీద పెడితే నేను మెచ్చుకుంటాను.

డబ్బులు ఇచ్చే ముందు

స్కార్ఫ్‌ని కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టుకోండి. సూది రంధ్రాలు, పోగులు లేచిన చోట్లు వెలుతురులో బయటపడతాయి. పాత మడతల వెంట చూడండి, పట్టు వయసు మీద పడితే మడతల దగ్గరే చిట్లుతుంది, ఒక చోట చిట్లడం మొదలైతే మిగతాది కూడా ఎక్కువ కాలం ఉండదు, దాన్ని బాగుచేయలేం. అక్కడ బేరం అనవసరం, వద్దని చెప్పేయండి. అంచు కుట్టు ఊడితే మాత్రం భయం లేదు, సన్నని సూది, పట్టు దారంతో మళ్లీ కుట్టుకోవచ్చు, ఆ వంకతో ధర తగ్గించమని అడగొచ్చు కూడా. మెడ దగ్గర పడే చోట గోధుమరంగు మచ్చలుంటే అవి చాలావరకు పాత సెంటు మరకలు, పోతాయని ఆశపడి కొనకండి.

ఆన్‌లైన్‌లో అయితే ఈ ఫోటోలు అడగండి: ఒక మూల ముందు నుంచి, అదే మూల వెనక నుంచి, అంచు దగ్గరగా, లేబుల్, వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నది, పక్కన టేపు పెట్టినది. ఇవ్వడానికి సాకులు చెబితే ఇంకోటి చూసుకోండి, పాత స్కార్ఫ్‌లకి కరువేమీ లేదు.

ఉతకడం

ఖరీదైనది, పేరున్నది అయితే డ్రైక్లీనింగ్‌కే ఇవ్వండి, కానీ ఇచ్చేటప్పుడు అంచు మీద ఇస్త్రీ పడకూడదని ముందే చెప్పండి. పట్టుచీరలకి చేయించినట్టు రోలింగ్ మాత్రం వద్దు, ఆ రోలర్ల కింద చుట్టిన అంచంతా అణిగిపోతుంది.

మామూలు పట్టు స్కార్ఫ్‌ని ఇంట్లో ఉతకొచ్చు. ముందు తడిపిన తెల్లగుడ్డని కనపడని మూలలో ఒక నిమిషం అదిమి పెట్టండి. రంగు అంటితే ఇంట్లో ఉతకొద్దు, ముఖ్యంగా ఎరుపు, నలుపు, ముదురు నీలం రంగులు దిగిపోయే రకం. అంటకపోతే చల్లటి నీళ్లలో కొద్దిగా బేబీ షాంపూ కలిపి, ఒకటి రెండు నిమిషాలు మెల్లగా ఆడించి తీసేయండి, నానబెట్టకండి, రుద్దకండి, పిండకండి. బట్టల సబ్బు పొడి పట్టుకి పడదు. కుంకుడు రసం మంచిదే, కానీ తెల్ల నేల ఉన్న స్కార్ఫ్‌కి పసుపు ఛాయ వదలొచ్చు. ఆఖరి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ వేస్తే సబ్బు జిగురు పోయి మెరుపు తిరిగొస్తుంది. తర్వాత పొడి తువ్వాలులో చాపలా చుట్టి నీళ్లు లాగించి, నీడలో బల్లపరుపుగా పరచండి. ఇంకా కొంచెం తడి ఉండగానే వెనక వైపు నుంచి, తక్కువ వేడితో, పైన పల్చటి నూలుగుడ్డ వేసి ఇస్త్రీ చేయండి, అంచుకి ఒక వేలెడు దూరంలో ఆగిపోవాలి.

మనకి ఎక్కువగా పడే మరక తలనూనె. పడగానే టాల్కమ్ పౌడరో కార్న్‌ఫ్లోరో చల్లి రాత్రంతా వదిలేయండి, పొద్దున మెత్తటి బ్రష్‌తో దులపండి, నూనె చాలావరకు పొడిలోకి పోతుంది. నీళ్లు చల్లితే మరక ఇంకా పాకుతుంది.

కట్టుకోవడం

అన్ని కట్లకీ మూలం ఒకే మడత. బొమ్మ కిందికి ఉండేలా స్కార్ఫ్‌ని పరచండి. ఎదురెదురుగా ఉన్న రెండు మూలల్ని మధ్యకి తెచ్చి కలపండి. వచ్చిన రెండు మడత అంచుల్నీ మళ్లీ మధ్యకి తెండి. దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిస్తే దాదాపు 8 సెంటీమీటర్ల పట్టీ అవుతుంది. 90 సెంటీమీటర్ల చదరాన్ని ఇలా ఏటవాలుగా మడిస్తే పట్టీ పొడవు సుమారు 127 సెంటీమీటర్లు వస్తుంది, తిన్నగా మడిస్తే 90తో ఆగిపోతుంది, మెడ చుట్టూ తిప్పి ముడి వేయడానికి ఆ తేడాయే కావాలి. పైగా ఏటవాలు గుడ్డ కొంచెం సాగుతుంది కాబట్టి ముడి మెత్తగా కూర్చుంటుంది.

ముడి జారకుండా ఉండాలంటే ముందు కుడి కొనని ఎడమదాని మీదుగా, తర్వాత ఎడమ కొనని కుడిదాని మీదుగా వేయండి. రెండుసార్లూ ఒకేవైపు వేస్తే ముడి అడ్డంగా తిరిగి జారిపోతుంది. ఎంత తొందరలో ఉన్నా పట్టుని పీటముడి వేసి బిగించొద్దు, విప్పేటప్పుడు పోగులు తెగుతాయి.

కుర్తీకి, షర్టుకి ఈ పట్టీని మెడ చుట్టూ ఒక చుట్టు తిప్పి పక్కకి ముడి వేస్తే చాలు. జీన్స్ టీషర్ట్ మీదకి త్రికోణం మడత బాగుంటుంది, కొన గుండె మీదకి వచ్చేలా పెట్టి, రెండు చివర్లు మెడ వెనక దాటించి ముందుకు తెచ్చి, త్రికోణం కింద దాచి ముడి వేయండి. ఎండలో బండి మీద వెళ్లేటప్పుడు గడ్డం కింద ముడి వేసుకునే కట్టు ఇంగ్లండ్ రాణి రెండో ఎలిజబెత్‌కి బాగా ఇష్టమైనది, కానీ హెల్మెట్ కింద ముడి గుచ్చుకోకుండా మెడ వెనక్కి మార్చుకోండి. జడకి, కొప్పుకి చుట్టాలంటే 90 చదరం బరువవుతుంది, 45 సెంటీమీటర్లదో సన్నని రిబ్బన్ లాంటిదో తీసుకోండి, జుట్టు ఆరాకే కట్టండి, నూనె రాసిన రోజున అసలు వద్దు. హ్యాండ్‌బ్యాగ్ పిడికి చుడితే బ్యాగూ బాగుంటుంది, తోలుకి చెమట కూడా అంటదు, కాకపోతే స్కార్ఫ్ మాత్రం తొందరగా నలుగుతుంది, బాగా పాతవాటిని అక్కడ వాడొద్దు.

చీర మీద స్కార్ఫ్ అనగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. ఒక్క రంగు నూలుచీర, బోర్డర్ లేనిది, మీద ముదురు అచ్చున్న స్కార్ఫ్ మెడకి దగ్గరగా కడితే బాగానే ఉంటుంది. కంచిపట్టు మీద మాత్రం వద్దు, రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి.

నల్లపూసలు, మంగళసూత్రం, బుట్టకమ్మలు ఉంటే స్కార్ఫ్ కట్టాక పెట్టుకోకండి, కట్టేముందే పెట్టుకుని గొలుసుని బట్టల లోపలికి వేసేయండి. సెంటు, డియోడరెంట్ కొట్టుకుని, అవి ఆరాకే స్కార్ఫ్ ముట్టుకోవాలి.

దాచడం

ప్లాస్టిక్ కవర్‌లో పెట్టొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. ఉతికి గంజి పెట్టని తెల్ల నూలుగుడ్డలో చుట్టి, వదులుగా మడిచి పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు పట్టుకి నేరుగా తగలకూడదు, విడిగా ఒక గుడ్డసంచిలో వేసి బీరువా మూలలో పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలంలో బూజు పడుతుంది, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి, ఎండ వచ్చిన రోజున నీడలో గాలికి ఆరేయండి. కట్టుకున్న స్కార్ఫ్‌ని వెంటనే లోపల పెట్టకండి, చెమట తడి పోయేదాకా కుర్చీ వీపు మీద వేసి ఉంచండి. రెండు మూడు నెలలకోసారి తీసి, పాత మడతల మీద కాకుండా వేరే చోట మడవండి, చిట్లేది ఆ మడతల దగ్గరే కాబట్టి. గోడకి ఫ్రేమ్ కట్టించాలనుకుంటే అద్దానికి గుడ్డ అంటుకోకుండా మధ్యలో ఖాళీ వదలమని, జిగురు వాడకుండా వెనక గుడ్డకి నాలుగు కుట్లు వేసి నిలపమని చెప్పండి, ఎండ పడని గోడ చూసుకోండి.